ఫోను రాకముందే చెరువు పోయింది

ఈ మధ్య ఏ సభకు వెళ్ళినా, ఏ ఆదివారం అనుబంధం తిరగేసినా ఒకటే పాట. రాబోయే తరానికి బాల్యమే ఉండదట. ఫోను మింగేసిందట. మేం చెరువుల్లో ఈదాం, చింతచెట్లెక్కాం, గోలీలాడాం, వీళ్ళు మూలన కూర్చుని రీల్సు చూస్తున్నారంటాడు వక్త. తల్లిదండ్రులు కాస్త గట్టిగా ఉండి ఫోను లాక్కుంటే పిల్లలు మళ్ళీ పిల్లలవుతారంటాడు. జనం చప్పట్లు కొడతారు. ఈ మాటకు ఇప్పుడు విదేశీ దన్ను కూడా దొరికింది. అమెరికాలో జొనాథన్ హైట్ 2024లో రాసిన పుస్తకం ఒక తరం మానసిక ఆరోగ్యం చెడిపోయిందంటే దానికి ఫోనే ప్రధాన మూలమంది. రెండేళ్ళలోపు పిల్లలకు తెర చూపనే వద్దని అదే ఏడాది స్వీడన్ ప్రజారోగ్య సంస్థ సలహా ఇచ్చింది. పదహారేళ్ళు నిండనివారికి సోషల్ మీడియా ఖాతాలు ఉండకూడదని ఆస్ట్రేలియా ఏకంగా చట్టమే చేసింది.

హైదరాబాద్ పక్కనున్న పారిశ్రామిక ప్రాంతంలో, పటాన్‌చెరు నుంచి పాశమైలారం దాకా, బొల్లారం నుంచి గడ్డపోతారం, కాజీపల్లి, బొంతపల్లి దాకా ఒకసారి తిరిగి వచ్చినవాళ్ళు ఈ వాదాన్ని ఒప్పుకోలేరు. ఇక్కడ తేదీలే సాక్ష్యం చెబుతాయి. చవక డేటా మన ఊళ్ళకు వచ్చింది 2016 సెప్టెంబరు తర్వాత. ఈ ఊళ్ళ పిల్లలు చెరువుల్లో దిగడం మానేసింది అంతకు ముప్పై ఏళ్ళ ముందు. ఫోను వచ్చేనాటికి ఇక్కడ లాక్కోవడానికి చెరువూ లేదు, వాగూ లేదు. పిల్లల ఎదుగుదల ఎలా ఉంటుందో తేల్చేది వాళ్ళ చేతిలో ఉన్న వస్తువు కాదు. వాళ్ళు తాగే నీళ్ళు, పీల్చే గాలి, ఇంటి కొలత, తల్లిదండ్రుల షిఫ్టు, కొలువు పర్మనెంటా కాంట్రాక్టా అన్న సంగతి, ఇవే తేలుస్తాయి. ఇవి వదిలేసి ఫోను మీద పడటం ఆడలేక మద్దెల ఓడనడమే.

కథ 1970ల్లో మొదలైంది. వెనకబడిన మెదక్ జిల్లాకు పరిశ్రమలు రావాలన్నారు, పటాన్‌చెరులో పారిశ్రామిక వాడ వెలిసింది. 1980లో ఇందిరాగాంధీ మెదక్ నుంచి లోక్‌సభకు గెలిచాక జోరు పెరిగింది. వచ్చినవాటిలో బల్క్ డ్రగ్ కంపెనీలు ఎక్కువ. అంటే మాత్రల్లోకి వెళ్ళే అసలు మందును రియాక్టర్లలో వండే కంపెనీలు. ఆ వంటలో మందు కొంచెం, మిగిలే వ్యర్థం చాలా. ఆ వ్యర్థం ఎక్కడికి పోవాలో ముందే ఆలోచించినవాళ్ళు లేరు. అది వాగుల్లోకి పోయింది. నక్కవాగు రంగు మారింది, ఆ నీళ్ళు తాగిన గొడ్లు చచ్చాయి, వాగు పక్క పొలాలు పనికిరాకుండా పోయాయి. నక్కవాగు వెళ్ళి కలిసేది మంజీరలో. కాజీపల్లి చెరువు, గండిగూడెం చెరువు, ఇస్నాపూర్ చెరువు, బొల్లారంలో ఆసానికుంట ఒక్కొక్కటిగా పేరుకే చెరువులయ్యాయి. పటాన్‌చెరులో వైద్యం చేసిన డాక్టర్ అల్లాని కిషన్ రావు తన దగ్గరికి వచ్చే రోగుల ఒంటి మీద ఈ నీళ్ళ ఆనవాళ్ళు చూసి జీవితాంతం పోరాడారు. ఆ రోజుల్లో ఏ పిల్లవాడి చేతిలోనూ ఫోను లేదు.

కోర్టు సంగతి చూడండి. పటాన్‌చెరు కాలుష్యం మీద కేసు 1990లో సుప్రీంకోర్టుకు చేరింది. అక్కడి నుంచి హైకోర్టుకు వచ్చింది, హైకోర్టు నుంచి హరిత ట్రైబ్యునల్‌కు వెళ్ళింది, ట్రైబ్యునల్ 2017లో తీర్పు చెప్పింది. కేసు పడిన ఏడాది వాగు ఒడ్డున ఒక ఆడపిల్ల పుట్టిందనుకోండి. ఆమె నడక నేర్చింది, బడికి పోయింది, పెళ్ళయింది, బహుశా ఇద్దరు పిల్లల తల్లి కూడా అయింది. అప్పటికి తీర్పు వచ్చింది. ఒక మనిషి పూర్తి బాల్యం, దాని మీద యవ్వనంలో సగం, ఒక్క కేసు ఫైలులో గడిచిపోయాయి. ఆమె బాల్యాన్ని ఎవరు తిన్నారని అడిగితే వక్త ఎవరి పేరు చెబుతాడు?

కాలం మారింది కాబట్టి చెరువులు పోయాయి, ఎవరేం చేస్తారని కొందరు పెద్దమనుషులు నిట్టూరుస్తారు. ఇదీ అబద్ధమే. పటాన్‌చెరులోనే 1972లో ఇక్రిశాట్ వ్యవసాయ పరిశోధన సంస్థ వచ్చింది. దాని కంచె లోపలి చెరువులకు నేటికీ పక్షులు వస్తాయి, వాటిని చూడటానికి కెమెరాలు మెడకు వేసుకుని జనం వెళతారు. కంచెకు లోపలా బయటా పడే వాన ఒకటే. గడిచిన ఏళ్ళూ అవే. కాపాడాలనుకున్న చోట చెరువు బతికింది, వదిలేసిన చోట చచ్చింది. ఇందులో కాలమహిమ ఏమీ లేదు.

నా వాదం ఫ్యాక్టరీలకు వ్యతిరేకమని ఎవరైనా అనుకుంటే పటాన్‌చెరు పక్కనే రామచంద్రాపురం చూడమంటాను. అక్కడ బీహెచ్ఈఎల్ వచ్చినప్పుడు యంత్రాలొక్కటే రాలేదు. క్వార్టర్లు వచ్చాయి, బడి వచ్చింది, ఆటస్థలం వచ్చింది, ఆసుపత్రి వచ్చింది. ఫిట్టర్ కొడుకూ ఇంజినీరు కూతురూ ఒకే టౌన్‌షిప్‌లో సైకిళ్ళు తొక్కి పెరిగారు. ఎద్దుమైలారంలో ఆయుధ కర్మాగారం వచ్చినప్పుడూ అంతే, పిల్లలకు కేంద్రీయ విద్యాలయం దొరికింది. సరిగ్గా అవే ఏళ్ళలో, కొద్ది మైళ్ళ దూరంలో, నక్కవాగు పక్క ఊళ్ళ పిల్లలు చచ్చిన చేపలను చూస్తూ పెరిగారు. ఒకే కాలం, ఒకే తాలూకా, ఫోను ఎక్కడా లేదు, అయినా రెండు బాల్యాలు. తేడా తెచ్చింది ఫ్యాక్టరీ ఉండటం కాదు. పనిచేసే మనిషినీ చుట్టుపక్కల నేలనూ ఫ్యాక్టరీ తన బాధ్యత అనుకుందా లేదా అన్నదే తేడా.

అసలు ఆ బంగారు బాల్యం ఎవరిది? చింతచెట్టెక్కిన జ్ఞాపకాలు రాసేవాళ్ళు సాధారణంగా చెట్టున్న ఇంటివాళ్ళు. అదే మెదక్ జిల్లాలో ఎందరో మాదిగ, గొల్ల, బేగరి ఇళ్ళ పిల్లలు దొరల దగ్గర జీతమున్నారు. పొద్దున్నే పెండ తీసి, పసులు తోలుకెళ్ళి, మాపటికి మిగిలిన గటక తాగి కొట్టంలో పడుకున్నారు. తండ్రి అప్పు కొడుకు జీతంగా మారేది. వెట్టిచాకిరీని రద్దు చేస్తూ చట్టం వచ్చిందే 1976లో. ఆడపిల్ల అయితే బడి ముఖం చూడకుండానే అత్తారింటికి పోయేది. పటాన్‌చెరు కంపెనీల గేట్లు తెరుచుకున్నప్పుడు దొర కొట్టం వదిలి అటు పరుగెత్తినవాళ్ళలో ఈ పిల్లలే ముందున్నారు. వాళ్ళకు కంపెనీ కార్డు విముక్తి పత్రంలా కనిపించింది. అందుకని వెనక్కి పోదామనే పిలుపు నాకు నచ్చదు. వాళ్ళు ఏ చీకటి నుంచి పారిపోయి వచ్చారో ఆ చీకటిని అందమైన సాయంత్రంగా చూపించడం పాపం.

ఇక ఇప్పటి ఫోను దగ్గరికి వద్దాం. పాశమైలారం గేట్లకు దగ్గర్లో, హైవే పక్కన ఇస్నాపూర్ ఉంది. అక్కడి వరుస గదుల్లో ఒకదాని ముందు నిలబడి చూడండి. పదడుగుల గది, పైన రేకులు, మేకుకు వేలాడే కంపెనీ యూనిఫాం, మూలన చిన్న సిలిండరు. తండ్రి నైట్ షిఫ్టు దిగి వచ్చి పడుకున్నాడు. మళ్ళీ రాత్రికి డ్యూటీ. నిద్ర చాలకపోతే రియాక్టర్ దగ్గర కళ్ళు మూతలు పడతాయి. అక్కడ కళ్ళు మూతలు పడితే ఏమవుతుందో ఈ గల్లీలో అందరికీ తెలుసు. తల్లి ప్యాకింగ్ పనికి పోయింది. నాలుగేళ్ళ పిల్లవాడు ఉన్నది ఆ పదడుగుల్లోనే. బయట వదిలితే హైవే, లారీలు. లోపల ఏడిస్తే తండ్రి లేస్తాడు. అందుకని తల్లి వెళుతూ వెళుతూ ఫోను వాడి చేతిలో పెట్టి, సౌండు పూర్తిగా తగ్గించి పోయింది. వాడు మాటలు లేని కార్టూను చూస్తూ కూర్చున్నాడు. నోరు మెదపడం లేదు.

ఆ తల్లికి వెళ్ళి చెప్పండి, ఫోను పిల్లల మెదడుకు మంచిది కాదని. ఆమెకు తెలుసు. ఇంకేం చేయమంటారని ఆమె అడిగితే మాత్రం వక్త దగ్గర జవాబు లేదు. ఇక్కడ ఫోను వ్యసనం కంటే ముందు ఆయా. కంపెనీ ఇవ్వని క్రెష్, ఊళ్ళో లేని నానమ్మ, ప్రభుత్వం వేయని ఆటస్థలం, ఈ మూడింటి పనీ అదొక్కటే చేస్తోంది. ఎవరూ చేయని పనిని చేస్తున్న వస్తువును తిట్టి, చేయాల్సినవాళ్ళను వదిలేయడం ఎక్కడి న్యాయం?

స్వీడన్ సలహాను మనవాళ్ళు గొప్పగా చెబుతారు కదా, స్వీడన్‌ను పూర్తిగానే చెప్పండి. అక్కడ బిడ్డ పుడితే తల్లిదండ్రులిద్దరికీ కలిపి 480 రోజుల భత్యంతో కూడిన సెలవు ఉంది. ఏడాది నిండాక పిల్లను పంపడానికి పురపాలక సంఘం నడిపే బాలబడి ఉంది. ఆ పునాది మీద నిలబడి వాళ్ళు తెర వద్దంటున్నారు. మనం పునాది వదిలేసి పైకప్పు మాత్రం దిగుమతి చేసుకున్నాం. మన చట్టాల్లో ఏమీ లేదని కాదు. ముప్పైమందికి మించి మహిళా కార్మికులున్న ఫ్యాక్టరీలో ఆరేళ్ళలోపు పిల్లలకు క్రెష్ ఉండాలని 1976 సవరణ తర్వాత ఫ్యాక్టరీల చట్టం చెప్పింది. యాభైమంది ఉద్యోగులుంటే చాలు, క్రెష్ ఉండాలని 2017లో ప్రసూతి ప్రయోజన చట్టానికి సవరణ వచ్చింది. 2020 సామాజిక భద్రతా కోడ్ కూడా ఆ మాటే అంది. కాంట్రాక్టు కార్మికులు పనిలో కంపెనీ మనుషులు, లెక్కలో కాంట్రాక్టరు మనుషులు. ఈ ఒక్క కిటుకుతో చట్టం కాగితం మీద నిలబడుతుంది, పిల్లవాడు పదడుగుల గదిలో నిలబడతాడు.

ఫోను వల్ల నష్టం లేదని నేననడం లేదు. నిద్ర చెడుతుంది, మాట ఆలస్యమవుతుంది, ఆన్‌లైన్ పందేల్లో పడి కుర్రాళ్ళు అప్పులపాలవుతున్నారు. చట్టం చేయండి, కంపెనీలను కట్టడి చేయండి, నేనూ చేయి ఎత్తుతాను. నా అభ్యంతరం వేరు. ఫోనును ఏకైక దోషిగా నిలబెట్టినప్పుడు తప్పు మొత్తం ఇంటిలోకి, ముఖ్యంగా తల్లి మీదికి వస్తుంది. పరిశ్రమల శాఖ, కాలుష్య నియంత్రణ మండలి, కార్మిక శాఖ, యాజమాన్యాలు అందరూ బోనులోంచి దిగి ప్రేక్షకుల్లో కూర్చుని చప్పట్లు కొడతారు. ఈ వాదానికి అంత ఆదరణ ఎందుకో ఇప్పుడు అర్థమవుతుంది. ఇది ఎవరికీ పైసా ఖర్చు లేని వాదం.

రాబోయే తరమంతా ఒకే డిజిటల్ తరం, కృత్రిమ మేధ అందరి బాల్యాన్నీ ఒకేలా మార్చేస్తుందన్నది దీనికి తోడబుట్టిన మరో మాట. ఈ ఊళ్ళు ఇప్పుడున్న సంగారెడ్డి జిల్లాలో అది ఒక్క రోజు కూడా నిలవదు. కొల్లూరు, తెల్లాపూర్ వైపు గేటెడ్ కమ్యూనిటీలో పుట్టే పాపకు ఈత నేర్పే కొలనుంటుంది, యంత్రంతో మాట్లాడే పాఠం ఉంటుంది, ఆ పాఠం వద్దనుకుంటే అడవి క్యాంపు ఉంటుంది. జహీరాబాద్ వైపు న్యాల్‌కల్, ఝరాసంగంలో నిమ్జ్ అనే జాతీయ పెట్టుబడి, తయారీ మండలి కోసం భూములు పోయిన ఇంట్లో పుట్టే పిల్లవాడికి తాత చెప్పే పొలం కథలుంటాయి, పొలం ఉండదు. ఇస్నాపూర్ గదిలో పుట్టే పిల్లకు ఇంట్లో భోజ్‌పురీ లేక ఒడియా, గల్లీలో హిందీ, బడిలో 2022 నుంచి ఇంగ్లిషు మీడియం, బోర్డుల మీద తెలుగు. నాలుగు భాషల మధ్య ఆమెను చేయిపట్టి నడిపించే టీచరు లేరు. ముగ్గురి చేతుల్లోనూ ఫోను ఉండొచ్చు. ముగ్గురూ ఒకే తరమని మాత్రం అనకండి.

వలస కూలీల పిల్లల సంగతి వచ్చింది కాబట్టి ఇంకో మాట. 2020 మే 1న, లాక్‌డౌన్ మధ్యలో, వలస కూలీలను ఇళ్ళకు చేర్చే శ్రామిక్ రైళ్ళలో దేశంలోనే మొదటిది లింగంపల్లి నుంచి ఝార్ఖండ్‌లోని హటియాకు కదిలింది. అందులో వెళ్ళినవాళ్ళు కందిలో హైదరాబాద్ ఐఐటీ భవనాలు కడుతున్న కూలీలు. దేశంలోని పెద్ద చదువుకు గోడలు లేపిన చేతులవి. ఆ చేతులు పెంచే పిల్లలకు కంది చుట్టుపక్కల తమ భాషలో ఒకటో తరగతి దొరకదు.

ఇక నిజంగా భవిష్యత్తు గురించే మాట్లాడాలంటే ఒక మాత్ర గురించి మాట్లాడాలి. పటాన్‌చెరు ఉమ్మడి వ్యర్థజల శుద్ధి కేంద్రానికి అప్పట్లో దాదాపు తొంభై మందుల కంపెనీల వ్యర్థం వచ్చేది. స్వీడన్ శాస్త్రవేత్త యోకిమ్ లార్సన్ బృందం శుద్ధి అయి బయటికి వస్తున్న నీళ్ళు పరీక్షించి 2007లో ఫలితం ప్రచురించింది. లీటరులో 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ కనిపించింది. ఆ మందు వాడుతున్న రోగి రక్తంలో ఉండేదాని కంటే ఇది ఎన్నో రెట్లు ఎక్కువ. అంత మందులో రోజూ మునిగి తేలిన సూక్ష్మజీవులు మందును తట్టుకోవడం నేర్చుకుంటాయి. వాగు మట్టిలో ఆ తట్టుకునే జన్యువులను అదే పరిశోధకులు తర్వాత చూపించారు. 2019లో మందులకు లొంగని బ్యాక్టీరియా వల్ల నేరుగా చనిపోయినవాళ్ళు ప్రపంచంలో 12.7 లక్షలమందని లాన్సెట్ అంచనా. రేపటి పిల్లకు జ్వరమొస్తే మనం వేసుకుని తగ్గించుకున్న మాత్ర పనిచేయకపోవచ్చు. పెరగడంలో ఇంతకంటే పెద్ద తేడా ఏముంటుంది?

దీనికి మనం చేసింది ఏమిటి? పద్ధెనిమిది కిలోమీటర్ల పైపులైను వేసి పటాన్‌చెరు వ్యర్థాన్ని అంబర్‌పేట శుద్ధి కేంద్రం వైపు, అక్కడి నుంచి మూసీలోకి మళ్ళించాం. అంటే నక్కవాగు పిల్లల ఒడిలోంచి తీసి మూసీ దిగువ నల్లగొండ పిల్లల ఒడిలో పెట్టాం. వ్యర్థజలాల్లో యాంటీబయాటిక్ ఎంత దాకా ఉండొచ్చో హద్దులు పెడుతూ 2020 జనవరిలో కేంద్రం ముసాయిదా తెచ్చింది. 2021 ఆగస్టులో తుది నోటిఫికేషన్ వచ్చేసరికి ఆ హద్దులు మాయమయ్యాయి. పిల్లలు ఎంతసేపు తెర చూడాలో నిమిషాల లెక్క చెప్పే మనకు, వాళ్ళ వాగులో ఎంత మందు ఉండొచ్చో చెప్పే ఒక్క అంకె లేదు.

కంపెనీలే లేకపోతే ఈ పిల్లలకు కూడెక్కడిదని అడిగేవాళ్ళకు జవాబు పాశమైలారంలోనే ఉంది. 2025 జూన్ 30న సిగాచి పరిశ్రమలో పేలుడు 54 మందిని బలిగొంది. అందులో ఎనిమిదిమంది ఆనవాళ్ళు కూడా దొరకలేదు. బిహార్, ఉత్తరప్రదేశ్, ఒడిశా, ఝార్ఖండ్ నుంచి వచ్చినవాళ్ళే వాళ్ళలో ఎక్కువ. కూడు ఇక్కడ దొరుకుతుంది, నిజమే. ఆ కూడు తెచ్చే తండ్రి సాయంత్రం ఇంటికొస్తాడన్న భరోసా కూడా బాల్యంలో భాగమే. దాన్ని ఏ తల్లీ ఫోను లాక్కుని పిల్లలకు ఇవ్వలేదు.

కాబట్టి రాబోయే తరం మీద నిజంగా బెంగ ఉన్నవాళ్ళు అడగాల్సినవి వేరే ఉన్నాయి. కాంట్రాక్టు మహిళలను కూడా లెక్కలో చేర్చి పారిశ్రామిక వాడకో ఉమ్మడి క్రెష్ పెట్టమనండి, షిఫ్టు ఎన్ని గంటలైతే అది అన్ని గంటలూ తెరిచి ఉండాలి. వలస పిల్లల బస్తీల్లో వాళ్ళ ఇంటి భాష తెలిసిన ఒక్క టీచరునైనా వేయమనండి. యాంటీబయాటిక్ హద్దులను మళ్ళీ తెమ్మనండి, కొలతలు కంపెనీ గేటు మీద తెలుగులోనూ హిందీలోనూ రాయించమనండి. ఆమోదం పొందిన పారిశ్రామిక వాడల్లోని ప్రాజెక్టులకు ప్రజాభిప్రాయ సేకరణ అక్కర్లేదని 2006 పర్యావరణ నోటిఫికేషన్ ఇచ్చిన మినహాయింపు ఎత్తేయమనండి, గోడ అవతల పిల్లల్ని పెంచే తల్లి మాట ముందు వినాలి.

ఈ ఏడాది ఇస్నాపూర్ గదిలో, గడ్డపోతారం ఇంట్లో పుట్టిన పిల్లలకు పద్ధెనిమిదేళ్ళకు ఓటు వస్తుంది. అప్పటికి వాళ్ళ చేతుల్లో ఏ యంత్రం ఉంటుందో మనం చెప్పలేం, ఆపనూలేం. వాళ్ళ ఊరి నీళ్ళు ఎలా ఉండాలో, వాళ్ళ తండ్రి ఏ షరతుల మీద రియాక్టర్ దగ్గర నిలబడాలో మాత్రం పూర్తిగా మన చేతిలోనే ఉంది. వచ్చేసారి సభలో ఎవరైనా ఫోను గురించి ఉపన్యాసం మొదలుపెడితే లేచి పైన చెప్పిన ఆ నాలుగూ అడగండి. జవాబిచ్చాక ఫోను సంగతి మాట్లాడనిద్దాం.